లండను నగరములోని ఇటుకల సందు

గత సంవత్సరము సంక్రాంతి సెలవుల పిమ్మట మా వసతిగృహమున ఒక క్రొత్త విద్యార్థి చేరెను. అతని తలిదండ్రులు ఒడిశానుండి ఇటుక బట్టీ పనికై మన ప్రాంతమునకు వచ్చినవారు. చేరిన మూడవ దినమున ప్రొద్దుటి వేళ అతని తల్లి ఒక సత్తుగిన్నెలో, రాత్రి వండి నీళ్ళు పోసి పులియనిచ్చిన అన్నమును, రెండు ఉల్లిపాయలను, కాల్చిన ఎండుచేపను తెచ్చి యిచ్చి, బట్టీకి వేళ మించుచున్నదని వెంటనే మరలిపోయెను. భోజనశాలలో అతడు గిన్నె మూత తీయగానే ప్రక్కనున్న బాలురు ముక్కులు మూసికొని నవ్విరి. ఒకడు దానికి "కుడితి" అని పేరు పెట్టెను. బాలుడు మాటాడక గిన్నె తీసికొని నూతి వెనుకకు పోయి, అన్నమంతయు పారబోసి వచ్చెను. ఆ తరువాత రెండు దినములు అతడు సరిగా భోజనము చేయలేదు.

మేము నవ్వినవారిని పిలిచి గద్దించితిమి. గద్దింపువలన నవ్వు ఆగినది గాని, క్రొత్త బాలుని ప్రక్కన కూర్చుండుటకు ఎవరును రాలేదు. మాకంటె ఎక్కువ కాలము ఈ పాఠశాలలో పనిచేసిన మా వంటమనిషి ఆ సంగతి చూచి, "అయ్యగారూ, అది చద్దన్నమే కదండీ! నేను ఈ పూట తిని వచ్చింది అదే. ఈ పిల్లల నాయనమ్మలు తిని పెరిగిందీ అదే" అనెను. ఆ మాట మా మనస్సున నాటుకొనెను.

ఆ వారమే తొమ్మిదవ తరగతికి నగరములను గూర్చి పాఠము చెప్పవలసియుండెను. మేము లండను నగరపు పటమును గోడకు తగిలించి, దాని తూర్పు భాగమున నున్న బ్రిక్ లేన్ అను చిన్న వీధిని బెత్తముతో చూపితిమి. ఆ పేరునకు ఇటుకల సందు అని అర్థము. ఇటుకల మాట వినగానే మా క్రొత్త విద్యార్థి తల యెత్తి చూచెను. నాడు చెప్పిన పాఠమునే కొంత పెంచి ఈ పత్రిక చదువరులకై యిచ్చట వ్రాయుచున్నాము. విద్యార్థులు పటమును ముందుంచుకొని మాతోకూడ నడువవలెనని కోరుచున్నాము.

౧. స్థలము

లండను పాత పట్టణమునకు పూర్వము చుట్టును గోడ యుండెను. ఆ గోడకు వెలుపల, తూర్పు దిక్కున, 1197వ సంవత్సరమున ఒక మఠమును దానితోకూడ ఒక ఆరోగ్యశాలను స్థాపించిరి. ఆ ఆరోగ్యశాలకు చేరిన పొలములగుటచేత ఆ ప్రాంతమునకు స్పిటల్‌ఫీల్డ్స్ అను పేరు కలిగెను. ఆ పొలములకు తూర్పున మట్టి త్రవ్వి ఇటుకలును పెంకులును కాల్చుచుండిరి. ఆ బట్టీల మీదుగా పోవు బండిదారియే నేటి బ్రిక్ లేన్. అది ఉత్తరమునుండి దక్షిణమునకు పోవుచున్నది. ఉత్తరపు కొనయందు బెత్నల్ గ్రీన్, దక్షిణపు కొనయందు వైట్‌చాపెల్ అను పేటలు కలవు. ఈ కొననుండి ఆ కొనకు నడచుటకు ఇరువది నిమిషములు చాలును.

పరదేశులు ఈ చోటికే యేల వచ్చిరని విద్యార్థులు అడుగవచ్చును. దానికి కారణములు మూడు. మొదటిది, పాత పట్టణములోని వృత్తిసంఘముల కట్టుబాట్లు గోడ వెలుపల అంతగా సాగలేదు. కావున క్రొత్తవాడును తన చేతిపని చేసికొని బ్రతుకవచ్చును. రెండవది, థేమ్సు నదిమీది ఓడరేవులు దగ్గరగా నుండెను. ఓడ దిగినవాడు మూట నెత్తిన పెట్టుకొని నడచి రాగల దూరమది. మూడవది, బట్టీలు, సారాయి కార్ఖానాలు మొదలగునవి ఉండుటచేత పొగకును వాసనకును వెఱచి ధనికులు ఇచ్చట నివసింపరైరి. అందుచేత ఇంటి అద్దెలు తక్కువ. ప్రపంచములోని అనేక పట్టణములలో పరదేశులు చేరు పేటలను పరీక్షించి చూచినచో ఇట్టి కారణములే కనబడును. మన పట్టణమునకు వెలుపలనున్న బట్టీల చెంత గుడిసెలు ఎవరివో ఆలోచించుకొనుడు.

౨. పట్టు నేసినవారు

ఫ్రాన్సు దేశమునందు ప్రొటెస్టంటు క్రైస్తవులకు 1598లో నాంటు శాసనముచేత ఆరాధన స్వేచ్ఛ లభించెను. ఆ శాసనమును 14వ లూయీ రాజు 1685లో రద్దు చేసెను. బోధకులు దేశమునుండి వెడలగొట్టబడిరి. సామాన్య జనులు దేశము విడువగూడదని ఆజ్ఞ పుట్టెను. అయినను అనేకులు రాత్రివేళల ఓడలలో దాగి పారిపోయిరి. హ్యూగెనాట్లు అనబడిన ఈ జనులలో సుమారు 50,000మంది ఇంగ్లండు చేరిరని చరిత్రకారులు లెక్కవేయుదురు. శరణార్థి అను అర్థముగల రెఫ్యూజీ అను మాట ఆంగ్ల భాషలో ప్రవేశించినది వీరితోనే.

వీరిలో పట్టునేత యెరిగినవారు స్పిటల్‌ఫీల్డ్సు చేరి, ఆ పేటను పట్టుబట్టలకు ప్రసిద్ధము చేసిరి. బ్రిక్ లేనునుండి పడమరకు పోవు ఫోర్నియర్ వీధిలో వారి కాలపు ఇండ్లు నేటికిని నిలిచియున్నవి. వాని పై అంతస్తులకు పెద్ద కిటికీలు గలవు. మగ్గమునకు పగటి వెలుతురు మిక్కిలి అవసరమని మన చేనేత కుటుంబముల పిల్లలకు చెప్పనక్కరలేదు. ఈ నేతగాండ్రు పాడు పక్షులను పెంచుటయందును, ఇరుకైన పెరళ్ళలో పువ్వులను పెంచుటయందును ప్రసిద్ధులైరి. 1717లో ఈ పేటలోనే ఒక గణితసంఘము ఏర్పడెను. ఒక సభ్యుడు లెక్క అడిగినచో, తెలిసిన సభ్యుడు దానిని తేటగా బోధింపవలెనని అందలి నియమము. మగ్గము దిగివచ్చి లెక్కలు నేర్చుకొన్న ఆ పనివారిని మన రాత్రిబడుల విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురు గాక.

౩. మన తీరపు బట్ట

ఇచ్చట మన తెలుగుదేశమునకు సంబంధించిన సంగతి యొకటి యున్నది. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పరచెను. మన తీరమున అద్దిన రంగుల నూలుబట్టలు, హిందూదేశపు ఇతర ప్రాంతముల అద్దకపు బట్టలతో కూడి ఓడలకెక్కి లండను చేరెను. అవి తేలిక, ఉతికినను రంగు పోనివి, వెలయు తక్కువ. రాజకుటుంబపు స్త్రీలు మొదలుకొని పనికత్తెల వరకు వానిని ధరింపసాగిరి. పట్టునేతగాండ్రకు పని తగ్గెను.

ఆసియా దేశముల అద్దకపు నూలుబట్టలను ఇంగ్లండులో ధరించుటకై దిగుమతి చేయరాదని 1700లో చట్టమైనది. అదియు చాలలేదు. 1719లో స్పిటల్‌ఫీల్డ్సు నేతగాండ్రు గుంపులుగా వీధులలో తిరిగి, అద్దకపు చీటిబట్ట ధరించిన స్త్రీలమీద పడి వారి వస్త్రములను చింపిరి. కొందరిమీద సిరాయు, కాల్చు ద్రావకమును చల్లిరి. 1721లో ఇంకను కఠినమైన చట్టము వచ్చెను. అది 1774 వరకు అమలులో నుండెను.

ఈ సంగతి చెప్పినప్పుడు తరగతిలోని బాలురకు కోపము వచ్చెను. "మన బట్టనేల చింపవలెను?" అని యొకడు లేచి అడిగెను. వారి యాకలిని కూడ చూడవలెనని మేము చెప్పితిమి. మగ్గమాగిన యింట పొయ్యి వెలుగదు. అయినను, శరణు కోరి వచ్చినవారికి చోటిచ్చిన ఆ పేటనుండియే, ముప్పదినాలుగు సంవత్సరములలోపల, పరుల బట్టను చింపు చేతులు లేచెను. 1736లో తక్కువ కూలికి పనిచేయుచున్నారని ఐర్లండు కూలీలమీద అక్కడ అల్లరి జరిగెను. నిన్న వచ్చినవాడు నేడు వచ్చువానిని చూచి వెఱచుట ఈ పేట చరిత్రలో మరల మరల కనబడును. మా వసతిగృహమున ముక్కు మూసికొన్నవారిలో ఇద్దరు ఆరు నెలల క్రిందట తామే క్రొత్తవారైయుండిరి.

౪. ఉడికించి కాల్చిన రొట్టె

రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు 1881లో హత్యగావింపబడెను. ఆ తరువాత ఆ సామ్రాజ్యమున యూదులమీద దౌర్జన్యములు పెచ్చుపెరిగెను. అప్పటినుండి 1914 వరకు లక్షకు పైగా యూదులు బ్రిటను చేరిరి. వారిలో అనేకులు ఓడ దిగి మొట్టమొదట తలదాచుకొన్నది ఈ ఇటుకల సందు చుట్టుప్రక్కలనే. పట్టునేత అప్పటికే క్షీణించినది. క్రొత్తవారు కుట్టుపని చేపట్టిరి. ఒకే గదిలో వంట, నిద్ర, కుట్టు యంత్రము, నలుగురైదుగురు పిల్లలు. అట్టి గదులనుండి బడికి వచ్చిన పిల్లలు ఎందరనగా, ఆ సమీపమున బెల్ లేన్ వీధిలోనున్న యూదుల ఉచిత పాఠశాలలో 1900 ప్రాంతమున 4,000మందికి పైగా చదువుకొనుచుండిరి. ఆ కాలమున ప్రపంచములోని మిక్కిలి పెద్ద పాఠశాలలలో అది యొకటి.

వీరు తెచ్చిన రొట్టెకు బేగెల్ అని పేరు. గోధుమపిండిని పులియబెట్టి, మన గారెవలె నడుమ రంధ్రము వచ్చునట్లు కడియముగా చుట్టి, ముందు మరుగు నీటిలో వేసి తీసి, పిమ్మట పొయ్యిలో కాల్చుదురు. నీటిలో ఉడుకుటచేత పైపొర గట్టిపడి మెరయును. లోపల మెత్తగా సాగుచుండును. యూదులు నూనెలో వేయించిన చేపను చల్లారినను తినుట అలవాటు గలవారు. ఇంగ్లండువారి దేశీయ భోజనమని లోకమంతయు చెప్పుకొను వేయించిన చేపయు బంగాళాదుంప ముక్కలును అను జంటలో, చేపను ఆ విధమున వేయించు పద్ధతి యూదులనుండి వచ్చినదే. 1860 ప్రాంతమున తూర్పు లండనులో జోసెఫ్ మాలిన్ అను యూదుడు ఆ జంటను అమ్మిన తొలి వర్తకులలో ఒకడని చెప్పుదురు.

వారి చేపను ఆ దేశము తన దనుకొనెను. వారిని అట్లనుకొనుటకు మాత్రము ఆలస్యమాయెను. ముఖ్యముగా ఈ యూదుల రాకను అరికట్టుటకే 1905లో పరదేశుల చట్టము చేయబడెను. 1936 అక్టోబరు 4వ తేదీని ఆస్వాల్డ్ మోస్లీ అను నాయకుని నల్లచొక్కాల దండు తూర్పు లండను వీధులగుండ ఊరేగుటకు సిద్ధమయ్యెను. ఆ దినమున యూదులును, ఐర్లండువారగు రేవు కూలీలును, ఇతర కార్మికులును కలిసి, సమీపమున నున్న కేబుల్ వీధిలో బల్లలు, బండ్లు అడ్డముపెట్టి ఊరేగింపును ఆపిరి. పూర్వము ఏ ఐర్లండువారిని ఈ ప్రాంతము తరిమినదో వారి సంతతివారు ఆనాడు యూదుల ప్రక్కన నిలిచిరి. చరిత్ర ఎల్లప్పుడు ఒకే రీతిని నడువదు అనుటకు ఇది నిదర్శనము.

౫. సిల్హెట్టు నావికులు

తూర్పు బెంగాలున సిల్హెట్టు మండలమునుండి అనేకులు పొగయోడలలో బొగ్గు వేయు పనికి పోవుచుండిరి. ఓడ అడుగుభాగమున, నిప్పుల వేడిమిలో, తక్కువ జీతమునకు చేయు పని యది. వారిలో కొందరు లండను రేవున దిగి నిలిచిపోయిరి. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట బ్రిటనులో పనివారు కావలసి వచ్చినప్పుడు వారి బంధువులును గ్రామస్థులును వచ్చిరి. 1971లో బంగ్లాదేశము స్వతంత్రమైన పిమ్మట భార్యాబిడ్డలును వచ్చి చేరిరి. యూదులు క్రమముగా ఈ పేట విడిచి ఉత్తర లండనుకు పోవుచుండగా, ఆ కుట్టు గదులలోనికే బంగ్లాదేశీయులు ప్రవేశించిరి. నేడు బ్రిక్ లేన్ వీధి పేరుపలకలమీద ఆంగ్లముతోపాటు బంగ్లా లిపియు కనబడును. ఆ ప్రాంతమునకు బంగ్లాటౌన్ అను పేరును వచ్చినది.

బ్రిటనులో హిందూదేశపు భోజనశాలలని చెప్పబడువానిలో అధికభాగము నడపినవారు ఈ సిల్హెట్టువారే. ఆ భోజనశాలల కూరలు ఆంగ్లేయుల నాలుకకు తగినట్లు ఏర్పరచినవి. ఇంటి వంట వేరు. ఇంటిలో చేపల పులుసు, షాత్‌కొరా అను నారదబ్బవంటి పండు తొక్క వేసి వండిన మాంసము, శుట్కి అను ఎండుచేప, పాంతా భాత్. ఈ కడపటి పేరును మేము నల్లబల్లమీద వ్రాసి, ఇది యేమియని తరగతినడిగితిమి. ఎవరును చెప్పలేదు. రాత్రి అన్నములో నీళ్ళు పోసి ఉంచి, ఉదయమున ఉల్లిపాయతోను పచ్చిమిరపకాయతోను తినుట అని మేమే చెప్పితిమి. అప్పుడు వెనుకబల్లనుండి మా క్రొత్త విద్యార్థి లేచి, తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులో, "సార్, మా యింట దాని పేరు పఖాళ" అనెను. చేరిన పిమ్మట తరగతిలో అతడు పలికిన మొదటి మాట యదియే. కుడితి యని పేరు పెట్టిన బాలుడు తల వంచుకొనెను. కొంతసేపటికి, "మా మామ్మ తరవాణి కుండ పెట్టేది సార్" అని మెల్లగా చెప్పెను.

౬. ఒకే కట్టడము, నాలుగు ప్రార్థనలు

ఫోర్నియర్ వీధియు బ్రిక్ లేనును కలియు మూలను ఒక ఇటుక కట్టడము గలదు. దానిని 1743లో ఫ్రెంచి ప్రొటెస్టంటులు దేవాలయముగా కట్టుకొనిరి. 1809లో యూదులకు క్రైస్తవమతము బోధించుటకై యేర్పడిన సంఘమొకటి దానిని పుచ్చుకొనెను. 1819లో అది మెథడిస్టుల ప్రార్థనాలయమాయెను. 19వ శతాబ్దము ముగియుచుండగా యూదుల సమాజమందిరమాయెను. 1976లో ముస్లిముల మసీదాయెను. ఏ సంఘము యూదులను తమ మతములోనికి త్రిప్పుటకు అక్కడ కూర్చున్నదో, ఆ గోడల నడుమనే పిమ్మట యూదులు తమ ధర్మశాస్త్రమును చదువుకొనిరి. గోడమీద 1743 నాటి నీడగడియారము ఇప్పటికిని ఉన్నది. మానవుడు నీడవంటివాడని తెలుపు లాటిన్ మాటలు దానిమీద చెక్కబడియున్నవి.

క్రైస్తవ దేవాలయము మసీదగుట వినినప్పుడు మన చదువరులలో కొందరికి నొప్పి కలుగవచ్చును. మాకును మొదట కొంత కలిగినది. కాని ఆలోచింపగా, ఆ కట్టడమును ఎవరును దోచుకొనలేదు. ఒక జనము తగ్గి మరియొక చోటికి పోయినప్పుడు, ప్రార్థనకు చోటు కావలసిన మరియొక జనము వచ్చెను. కల్లంగడిగానో గిడ్డంగిగానో మారి యుండవలసిన గోడలు ఇన్నూరెనుబది సంవత్సరములకు మించి ప్రార్థన వినుచునే యున్నవి. ఫోర్నియర్ వీధి రెండవ కొనయందు, 1714 మొదలు 1729 వరకు హాక్స్‌మూర్ అను శిల్పి కట్టిన క్రైస్టు చర్చి గోపురము నేటికిని నిలిచియున్నది. ఒకే వీధికి ఆ కొనను ఈ కొనను రెండును ఉన్నవి.

౭. తోటలు ఎట్లు వచ్చినవి

ఇంత ఇరుకైన పేటలో పచ్చదనము ఎక్కడనుండి వచ్చెను? ప్రతి తోటకును ఒక కథ కలదు. తూర్పు లండను ప్రజలకు గాలి లేక రోగములు ప్రబలుచున్నవని, 1840లో 30,000మంది చేవ్రాళ్ళతో విక్టోరియా రాణికి ఒక విన్నపము పంపబడెను. దాని ఫలముగా 1845లో ఈశాన్యపు దిక్కున విక్టోరియా పార్కు తెరువబడెను.

బ్రిక్ లేన్ ఉత్తరపు కొనకు సమీపమున ఆర్నాల్డ్ సర్కస్ అను గుండ్రని తోట యున్నది. అది నడుమ మెట్టగా లేచి, చెట్లతో నిండి, పైన వాద్యకారుల మంటపము గలిగియుండును. ఆ మెట్ట దేవుడు చేసినది కాదు. అక్కడ ఓల్డ్ నికల్ అను మురికిపేట యుండెను. 1890 తరువాత లండను నగరపాలకులు దానిని పడగొట్టి, ఆ శిథిలములను కుప్పగా పోసి, దానిమీద తోట వేసి, చుట్టును పనివారికై మంచి ఇండ్లు కట్టిరి. 1900లో అవి ప్రారంభింపబడెను. అయితే అద్దె హెచ్చగుటచేత, నిలువ నీడ పోగొట్టుకొన్న 5,700మందికి పైగా పాత నివాసులలో తిరిగి అక్కడ చేరినవారు బహు స్వల్పము. తోట అందముగా నున్నది. దాని క్రింద ఎవరి గోడలున్నవో తెలిసికొని ఆ చెట్టునీడను కూర్చుండవలెను.

మూడవ తోట పేదలు తాము చేసికొన్నది. రైలు సరకుల దిగుడు స్థలముగా నుండి పాడుపడిన భూమిలో, తమ కూరగాయల మడులను పోగొట్టుకొన్న స్థానికులు 1978లో ఒక పొలమును నెలకొల్పిరి. స్పిటల్‌ఫీల్డ్స్ సిటీ ఫార్మ్ అని దాని పేరు. మేకలు, కోళ్ళు, గాడిదలు అచ్చట గలవు. బంగ్లాదేశపు స్త్రీలు కొత్తిమీర పేరు పెట్టుకొని ఒక తోటపని సంఘముగా చేరి, ఆ చలిదేశమున సొరపాదును, తోటకూరను పెంచిరి. గాజుకప్పు క్రింద విత్తు మొలిపించి, చలి విడిచిన పిమ్మట పందిరికి ఎక్కింతురు. మాట రాని దేశమునకు వచ్చి ఇల్లు కదలని తల్లులు సొరకాయ కోయుటకై వెలుపలికి వచ్చి, పొరుగువారితో మాటాడ నేర్చిరి.

౮. ఒక పేరుగల ఉద్యానవనము

దక్షిణపు కొనకు సమీపమున నున్న చిన్న పచ్చికతోటతో మన నడక ముగియును. అక్కడ పూర్వము సెయింట్ మేరీ దేవాలయముండెను. దాని తెల్లని గోడలవలననే వైట్‌చాపెల్ అను పేరు వచ్చెను. 1940లో శత్రువుల బాంబులచే అది కాలిపోయెను. ఆ స్థలము తోటగా మారెను.

1978 మే 4వ తేదీ సాయంకాలము అల్తాబ్ ఆలీ అను బంగ్లాదేశపు యువకుడు కుట్టుపని ముగించుకొని ఆ తోట ప్రక్కగా ఇంటికి పోవుచుండెను. అతనిని ముందెన్నడు ఎరుగని ముగ్గురు యువకులు, అతడు పరదేశి యను కారణముననే పొడిచి చంపిరి. పది దినములకు సుమారు 7,000మంది అతని శవపేటిక వెంట ప్రధానమంత్రి నివాసమువరకు నడచిరి. బంగ్లాదేశీయులేగాక ఇతరులును అందులో నుండిరి. 1998లో ఆ తోటకు అల్తాబ్ ఆలీ పేరు పెట్టిరి. 1952 ఫిబ్రవరి 21వ తేదీని ఢాకాలో మాతృభాషకై ప్రాణములిడినవారి స్మారకమునకు ప్రతిరూపమును 1999లో అచ్చటనే నిలిపిరి. ఏటేట ఆ దినమున అక్కడ పువ్వులుంచుదురు.

ఈ పాఠమున మేము మిక్కిలి ముఖ్యముగా చెప్పదలచిన సంగతి యిది. అల్తాబ్ ఆలీ మరణించిన కాలమునకే ఆంగ్లేయులు బంగ్లాదేశీయుల భోజనశాలలలో కూర్చుండి ఇష్టముగా కూరలు తినుచుండిరి. అయినను వండిన జాతివాడు వీధిలో నిర్భయముగా నడువలేకపోయెను. పొరుగువాని వంటను రుచిచూచుట సులభము. పొరుగువానికి చోటిచ్చుట కష్టము. మొదటిది జరిగినంత మాత్రమున రెండవది జరిగినదని మనము మోసపోరాదు. ఇప్పటికిని ఆ పేటలో కష్టము తీరలేదు. అద్దెలు పెరుగుటచేత, ఈ శతాబ్దారంభమున బ్రిక్ లేనులో వరుసగా నుండిన బంగ్లాదేశీయుల భోజనశాలలలో సగమునకు మించి మూతపడినవి.

మా వసతిగృహము సంగతి యడుగుదురేమో. నాటి పాఠము పిమ్మట అద్భుతమేమియు జరుగలేదు. అయితే మరుసటి శనివారము వంటమనిషి పెద్ద కుండలో తరవాణి పెట్టెను. ఆదివారము ఉదయమున అందరికిని చద్దన్నము, ఉల్లిపాయ, మాగాయ వడ్డింపబడెను. తిననివారును కొందరుండిరి. కుడితి యని పేరు పెట్టిన బాలుడు తన కంచము తీసికొనిపోయి క్రొత్త విద్యార్థి ప్రక్కన కూర్చుండెను. వేసవిలో బట్టీ పని ముగిసి అతని తలిదండ్రులు స్వగ్రామమునకు పోవునప్పుడు, ఆ తల్లి మా వంటమనిషికి ఒక గుడ్డముడిలో సొరవిత్తులు ఇచ్చి, కుమారుని ఇచ్చటనే చదువ విడిచి వెళ్ళెను. ఆ పాదు ఇప్పుడు నూతి వెనుక గోడమీద ప్రాకుచున్నది.

విద్యార్థులు చేయవలసిన పని

1. మీ వీధి పటమును గీసి, ఏ యింటివారు ఏ యూరినుండి, ఎన్ని సంవత్సరముల క్రిందట వచ్చిరో మర్యాదగా అడిగి వ్రాయుడు. మీ యింటితో మొదలుపెట్టుడు.

2. మీ యింట వారమునకొకసారియైనను వండు ఒక వంటకమును ఎన్నుకొని, అందలి మిరపకాయ, బంగాళాదుంప, టీ ఆకు మొదలగునవి మన దేశమునకు ఎక్కడనుండి వచ్చినవో తెలిసికొనుడు.

3. మన పట్టణములోని ఒక తోటగాని, చెరువుగట్టుగాని చూచి, అది పూర్వమేమైయుండెనో పెద్దలనడిగి పది పంక్తులు వ్రాయుడు.

4. 1719లో బట్ట చింపిన నేతగాని పక్షమున ఒకరు, ఆ బట్ట అద్దిన మచిలీపట్టణపు పనివాని పక్షమున ఒకరు తరగతిలో వాదింపుడు. తరువాత పక్షములు మార్చుకొని మరల వాదింపుడు.

తలిదండ్రులకు మా మనవి యొకటే. మీ పిల్లలు మొదటి పనికై వచ్చి, మీ తాతలు ఏ యూరినుండి ఏల వచ్చిరని అడిగినప్పుడు, సిగ్గుపడక ఉన్నదున్నట్లు చెప్పుడు.